ఆ జాగా వాని బ్రేకు

రాత్రి పదకొండున్నర అయింది. నడుము పట్టేసింది, రేపు బడి కూడా ఉంది. అయినా ఇవాళ్టిది ఇవాళే రాసి పడుకుంటాను, రేపటికి సగం మర్చిపోతాను కాబట్టి.

పలమనేరులో చిన్నాయన వాళ్ల గృహప్రవేశం. నేనూ నాయనా తెల్లవారుజామున నాలుగున్నరకే తిరుపతి నుంచి కార్లో బయల్దేరాం. అమ్మ రెండు రోజుల ముందే బస్సులో వెళ్లిపోయింది. నేను కారు కొని ఏడాదిన్నర అవుతున్నా, నాయనను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద ఇంత దూరం నడపడం ఇదే మొదటిసారి. ఆయన ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. పలమనేరు మార్కెట్లో టమాటా ఎత్తుకుని తెల్లారే లోపల చెన్నై కోయంబేడులో దించేవాడు, తిరిగొచ్చేటప్పుడు ఏ బాడుగ దొరికితే ఆ బాడుగ. కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ వదిలేశాడు. చిన్నప్పుడు మాకు నాయన అంటే అర్ధరాత్రి వీధి చివర ఆగే లారీ చప్పుడే.

చంద్రగిరి దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. కాళ్లు మాత్రం ఊరికే ఉండలేదు, ముందు ఏదైనా బండి కనపడితే చాలు, ఆయన కుడికాలు కింద మ్యాట్‌ను నొక్కుతూనే ఉంది.

గాదంకి టోల్ దాటాక ఒక పాల ట్యాంకర్‌ను ఓవర్‌టేక్ చేశాను. దాని ముందు బాగా ఖాళీ ఉంది, నేను దాటగానే ఎడమకు తిప్పి ఆ ఖాళీలోకి వచ్చాను, అంతలో ముందు ఒక ట్రాక్టర్ అడ్డొస్తే బ్రేకు వేశాను. వెనక నుంచి పెద్ద హారన్. చీదరింపు లాంటి ఎయిర్ బ్రేకు చప్పుడు కూడా వినపడింది. నాకు కోపం వచ్చింది. అద్దంలోకి చూస్తూ "ఏం తొందరయ్యా వీనికి, రోడ్డు వీళ్లదే అనుకుంటారు ఈ లారీవాళ్లు" అనేశాను. అన్నాక గానీ పక్కన ఎవరు కూర్చున్నారో గుర్తు రాలేదు.

నాయన కోప్పడలేదు. కాసేపు ఆగి, "ఆ జాగా ఎవరిదనుకుంటివి?" అని అడిగాడు.

"రోడ్డే కదా నాయనా, ఖాళీగా ఉంది."

"ఖాళీ కాదుమ్మా. ఆ జాగా వాని బ్రేకు. వాడు ఆగల్లంటే అంత నేల కావల్ల. నువ్వు పొయ్యి వాని బ్రేకులో కూర్చుంటివి."

ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. నేను బడిలో లెక్కలు చెప్తాను. గృహప్రవేశంలో వ్రతం జరుగుతుంటే ఒక మూల కూర్చుని మనసులో లెక్క వేసుకున్నాను. గంటకు 80 కిలోమీటర్లు అంటే సెకనుకు 22 మీటర్లు. ముందున్నది చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఒక సెకను పోతుంది, అంటే బ్రేకు ఇంకా పడకముందే బండి 22 మీటర్లు వచ్చేసి ఉంటుంది. లారీలో బ్రేకును గాలి పనిచేయిస్తుంది, ఆ గాలి గొట్టాల్లో చక్రాల దాకా చేరడానికి ఇంకొంచెం సమయం కావాలి. ఇక బరువు. పది చక్రాల లారీకి లోడుతో కలిపి 28.5 టన్నుల దాకా అనుమతి ఉంది. నా కారు ఒక టన్నుకు కాస్త అటూఇటూ. ఇరవై ఎనిమిది కార్లు ఒకదానికొకటి కట్టుకుని వస్తున్నట్టు అన్నమాట, వాటి ముందుకు పోయి నేను బ్రేకు వేశాను. పాల ట్యాంకరైతే ఇంకో చిక్కు కూడా ఉందట. ట్యాంకు నిండుగా లేకపోతే పాలు లోపల ఊగుతాయి, బ్రేకు వేసినప్పుడు ముందుకొచ్చి తోస్తాయి, బండి ఆగిందనుకున్న చోట ఆగదు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. డ్రైవింగ్ స్కూల్లో రివర్సూ పార్కింగూ నేర్పారు, లైసెన్స్ టెస్టులో ఎనిమిది వేయమన్నారు. లారీ ముందు ఎంత జాగా వదలాలో, దాని చుట్టూ డ్రైవర్‌కు కనపడని చోట్లు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పినవాళ్లు లేరు.

నాయనను అడిగితే చెప్పాడు. ముక్కు కిందికి వచ్చిన బండి కనపడదు, ఎడమవైపు ముందు చక్రం పక్కన ఉన్న బండి కనపడదు, వెనక తోకకు అతుక్కుని వచ్చేవాడైతే అసలు లేనట్టే. "వాని అద్దంలో వాని మొహం నీకు కనపడుతుందా, చూసుకో. కనపడకపోతే నువ్వుండావని వానికి తెలీదు." ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

అయితే నాయన అన్నదానికల్లా నేను తలూపలేదు. చిత్తూరు దాటాక రెండు లారీలు పక్కపక్కనే, రెండూ ఒకే వేగంతో, రోడ్డంతా మూసేసి పోతుంటే మా వెనక పది కార్లు చేరాయి. కుడి లైన్‌లో నలభైలో పాకే లారీని చూస్తే నాకు ఇప్పటికీ మండుతుంది, అది న్యాయమైన కోపమే అనుకుంటాను. ఎందుకు ఎడమకు పోరు అంటే, ఎడమ అంచున ఆగిన ఆటోలు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు, ఆవులు, బస్సు కోసం రోడ్డు మీదికొచ్చి నిలబడే జనం అన్నాడు. లోడు బండిని మాటిమాటికి ఆపి లేపడం కష్టమని అందరూ కుడికి చేరతారట. "కానీ అది తప్పే" అని కూడా ఆయనే అన్నాడు. "నేనూ చేసినా. వెనకాల ఎవరి అవసరం ఏమో అనుకోల్యా." అందులో ఒక అంబులెన్స్ ఉండొచ్చు కదా అన్నాను. తలాడించాడు.

సాయంత్రం ఐదున్నరకు తిరిగి బయల్దేరాం. మొగిలి ఘాట్ దిగేటప్పుడు నాయన వెనక్కి వాలకుండా ముందుకు వంగి కూర్చున్నాడు. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడే ఆర్టీసీ బస్సూ లారీ ఢీకొని ప్రాణాలు పోయాయి, ఆ వారమంతా మా ఇంట్లో టీవీ పెట్టనివ్వలేదు ఆయన. మా ముందు పట్టా కప్పిన లారీ ఒకటి చాలా మెల్లగా దిగుతోంది. పొద్దునైతే హారన్ కొట్టేదాన్ని. "చూడు, సెకండ్ గేర్లో దించుతాండాడు. మంచి డ్రైవరు" అన్నాడు నాయన. ఏ గేర్లో ఎక్కుతామో అదే గేర్లో దిగాలని వాళ్ల గురువు చెప్పిన పాఠమట. కిందిదాకా బ్రేకు తొక్కుకుంటూ వస్తే డ్రమ్ములు కాగిపోతాయి, లైనర్లు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లూ ఉన్నారు, వాళ్లను తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ ఆవేశం వస్తుంది.

మన తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ రూలు పెట్టింది ఇందుకే కదా అనిపించింది. దిగడానికే ఎక్కువ సమయం ఎందుకో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. కొండ మీద నుంచి వచ్చేటప్పుడు ఆ రూలును ఒప్పుకునే మనమే, మొగిలిలో మెల్లగా దిగే లారీ వెనక పడి హారన్ మోగిస్తాం. ఆ హారన్‌కు భయపడి ఒక కుర్ర డ్రైవర్ గేరు మార్చాడనుకోండి, ఆ పాపం ఎవరిది?

ఘాట్ కింద టీ తాగుతుంటే 2024 జనవరి సమ్మె సంగతి వచ్చింది. యాక్సిడెంట్ చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న కొత్త సెక్షన్ మీద లారీ డ్రైవర్లు బండ్లు ఆపేసినప్పుడు, పెట్రోల్ బంకుల దగ్గర క్యూల్లో నిలబడి మనమంతా వాళ్లను తిట్టుకున్నాం. పారిపోవడం తప్పని నేను ఇప్పటికీ అంటాను, దెబ్బ తగిలినవాళ్లను వదిలేసి పోవడానికి ఏ సమాధానమూ సరిపోదు. నాయన ఒకటే చెప్పాడు, ఒకసారి ఒక స్కూటర్ తనంతట తాను జారి ఆయన లారీ పక్కన పడితే, దిగి ఆ మనిషిని లేపబోయిన ఆయననే జనం కొట్టారట. చొక్కా చిరిగి ఇంటికొచ్చిన ఆ రోజు నాకు గుర్తుంది. బండిలో మేకు తగులుకుందని చెప్పాడు అప్పుడు. ఇన్నేళ్లకు ఇవాళ తెలిసింది.

పూతలపట్టు దాటేసరికి బాగా చీకటి పడింది. ఎదురుగా వచ్చేవాళ్ల హైబీమ్ కళ్లలో కొడుతోంది. ఉన్నట్టుండి నాయన "స్లో, స్లో, కొమ్మ!" అన్నాడు. నాకేమీ కనపడలేదు. వేగం తగ్గించాక చూస్తే రోడ్డు అంచున ఒక వేపకొమ్మ, దాని వెనక వరసగా నాలుగైదు రాళ్లు, ఆ వెనక నల్లగా ఒక లారీ. ఒక్క లైటూ లేదు. వెనక అతికించిన రిఫ్లెక్టర్ టేపు మట్టి పట్టిపోయి గోడలా ఉంది. నాయన పక్కన లేకపోతే ఏమయ్యేదో రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

లారీ దాటి, బాగా ముందుకు పోయి, తారు వదిలి మట్టిలోకి దించి ఆపించాడు. హజార్డ్ లైట్లు వేయించాడు. డిక్కీలో కారుతో పాటు వచ్చిన ఎర్ర త్రికోణం ఉంది, నేను కవర్ కూడా తీయలేదు దానికి. అది పట్టుకుని తెల్లగీతకు బయటే నడుస్తూ లారీ వెనక నూట యాభై అంగలు లెక్కపెట్టి పెట్టి వచ్చాడు.

డ్రైవర్ ఒక్కడే, పాతికేళ్లు ఉంటాయేమో. తమిళబ్బాయి. కొబ్బరికాయల లోడు, వెనక టైరు పగిలింది, ఆ పగిలిన రబ్బరు కొట్టుకునో ఏమో టెయిల్ లైట్ల వైరు కూడా తెగింది. "లైట్లు లేకుండా ఇట్లా రోడ్డు మీద పెడితే ఎట్లా? చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు గుద్దుకుంటే?" అని నేను గట్టిగానే అడిగాను. అడిగినందుకు బాధ లేదు. నాయన నా కంటే గట్టిగా, తమిళంలో, చాలాసేపు తిట్టాడు. ఆ అబ్బాయి తల వంచుకుని "అణ్ణా, అణ్ణా" అంటూ విన్నాడు. క్లీనర్ లేడు, ఇప్పుడు చాలా బండ్లకు పెట్టడం లేదట, ఆ జీతం గిట్టదని. ముందు రోజు రాత్రి నుంచీ ఒక్కడే తోలుతున్నాడు. కారువాళ్లు ఇద్దరు ముగ్గురు హారన్ కొట్టి తిట్టి పోయారట, ఎవరూ ఆగలేదు. నేను ఒక్కదాన్నే అయితే నేనూ ఆగేదాన్ని కాదు, ఆడమనిషిని, చీకట్లో. అది నిజం, దాన్ని దాచిపెట్టి రాయలేను.

1033కి ఫోన్ చేశాను. కిలోమీటర్ రాయి మీద నంబర్ చూసి చెప్పమన్నాడు నాయన, లేకపోతే ఎక్కడని వస్తారు? కాసేపటికి హైవే పెట్రోలింగ్ బండి వచ్చి వెనక కోన్లు పెట్టింది. నన్ను రోడ్డు పక్క రెయిలింగ్ అవతల నిలబడమని, ఆయన మాత్రం చొక్కా చేతులు మడిచి వీల్ నట్లు విప్పించడానికి కూర్చున్నాడు. స్టెప్నీ ఎక్కించాక వైరు అతికి టేపు చుట్టారు, ఎడమవైపు లైటు ఒక్కటి వెలిగింది. టోల్ దగ్గర లారీలు ఆగే చోటు దాకా పెట్రోలింగ్ బండి వెనకే పోతుందని, అక్కడ పడుకుని తెల్లారాక మెకానిక్‌ను చూసుకోమని ఒప్పించారు. పోతూ పోతూ ఆ అబ్బాయి నాయన చేతిలో నాలుగు కొబ్బరికాయలు పెట్టబోయాడు. లెక్క తప్పితే నీ బత్తాలో కోస్తారు, వద్దులే అన్నాడు నాయన. ఆ మాటతో ఆ పిల్లాడు ఆయన వైపు అదోలా చూశాడు. నీకెలా తెలుసు అని అడగలేదు, అర్థమైపోయినట్టుంది.

నేను కారెక్కి స్టార్ట్ చేశాను. నాయన రాలేదు. త్రికోణం తేవడానికి పోయాడనుకున్నాను. ఎంతకీ రాకపోతే దిగి వెనక్కి నడిచాను. లారీ పోయింది గానీ రాళ్లు అక్కడే ఉన్నాయి, కొమ్మా అక్కడే ఉంది. ఆయన ఒక్కో రాయినీ రెండు చేతులతో ఎత్తి రోడ్డు కింద పొదల్లోకి విసురుతున్నాడు. నేను ఫోన్ లైటు వేసి పట్టుకున్నాను.

"బండి కదిలినాక వీటిని ఎవరూ తియ్యరు" అన్నాడు ఆయాసపడుతూ. "రాత్రిపూట టూవీలరోడు వస్తాడు."

చివరి రాయి పెద్దది, ఇద్దరం కలిసి దొర్లించాం. కొమ్మను కూడా లాగి పారేసి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుని, కుడికాలు మ్యాట్ మీద ఆనించి, "పోదాం పామ్మా" అన్నాడు.