కిడ్నీ రోగి డైట్ చార్ట్, నర్సు నోట్స్: కేసు పడకుండా ఏం రాయాలి

ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగికి "కొబ్బరినీళ్లు వద్దమ్మా" అని నోటితో చెబితే చాలదు. చుట్టూ కొబ్బరితోటలే కదా, తాగేస్తారు. పొటాషియం పెరిగి గుండె లయ తప్పితే, ముందే చెప్పారనడానికి రుజువేదీ? డైటీషియన్ ఆ రోజు పొటాషియం రిపోర్టు విలువ, తేదీ, వద్దన్న పదార్థాలు, రోజుకి ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లో తెలుగులో రాసివ్వాలి. రోగి సంతకమున్న కాపీ కేస్‌షీట్‌లో పెట్టాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఇదే.

నర్సులు ఫోన్‌లో విన్న మందు, మోతాదు తిరిగి చదివి వినిపించాలి. టైముతో రాసి, డాక్టరు రాగానే సంతకం పెట్టించాలి. తప్పు రాస్తే వైట్‌నర్ వద్దు. ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, టైము వేయండి.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి మామూలుగా 2 ఏళ్ల గడువుంది. ఇన్‌పేషెంట్ రికార్డులు కనీసం 3 ఏళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.