కరెంటు పెడుతూనే కీమో ఎందుకు ఇస్తారంటే

అత్తమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలాక చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "గర్భసంచి తీసేస్తే పోదా?" మాదీ అదే ఆశ. కానీ స్టేజ్ 2బి అన్నారు. గడ్డ పక్క కణజాలంలోకి పాకింది కాబట్టి ఆపరేషన్ కాదు, రేడియేషన్ (అదే, కరెంటు పెట్టడం), దాంతోపాటే వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో ఇవ్వాలన్నారు.

చిన్నమామయ్య అడ్డం తిరిగారు. "అరవై దాటిన మనిషమ్మా. ముందు కరెంటు పెట్టించండి, కోలుకున్నాక కీమో సంగతి చూద్దాం." వదిన మీద ప్రేమతోనే అన్నారు. ఇంకా ఎన్నో ఇళ్లలో ఇదే మాట వినిపిస్తోంది కాబట్టి, డాక్టరు మాకు చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.

రేడియేషన్ క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏను తెంపుతుంది. కణం తెగినదాన్ని మళ్లీ అతికించుకోవాలని చూస్తుంది. సిస్‌ప్లాటిన్ ఆ అతుకు పడనివ్వదు. అందుకే రెండూ కలిసి నడవాలి. రేడియేషన్ అయిపోయాక ఇచ్చే కీమోతో ఈ పని జరగదు. ఇది కొత్త ప్రయోగం కూడా కాదు. అయిదు ట్రయల్స్‌లో సిస్‌ప్లాటిన్ మందును రేడియేషన్‌తో కలిపి ఇచ్చినప్పుడు మరణించే ముప్పు 30 నుంచి 50 శాతం దాకా తగ్గిందని, 1999 ఫిబ్రవరిలోనే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ డాక్టర్లందరికీ ప్రత్యేకంగా తెలియజేసింది. ఇది విన్నాక చిన్నమామయ్య ఇంకేం అనలేదు. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు మమ్మల్ని దింపింది కూడా ఆయనే.

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రేడియేషన్, మొత్తం 25 సిట్టింగులు. మిషన్ మీద పడుకునేది కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు. కష్టమంతా అంతకుముందే. యూరిన్‌కు వెళ్లొచ్చి, కొలిచినన్ని నీళ్లు తాగి, మూత్రాశయం నిండేదాకా ఆపుకుని కూర్చోవాలి. నిండిన మూత్రాశయం పేగులను పైకి నెడుతుంది, వాటికి రేడియేషన్ తక్కువ తగులుతుంది. వరుసలో ముందున్నవాళ్లది ఆలస్యమైతే అత్తమ్మ చీర కుచ్చిళ్లు పిడికిట్లో బిగించి, కళ్లు మూసుకుని కూర్చునేది. "ఇంకెంతసేపే?" అంటుంటే నాకు ఏడుపొచ్చేది.

కీమో ముందు ప్రతిసారీ రక్తపరీక్ష చేస్తారు. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది కాబట్టి క్రియాటినిన్ చూస్తారు, సెలైన్ గట్టిగా ఎక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ కూడా ముఖ్యమే. ఆక్సిజన్ అందని గడ్డ మీద రేడియేషన్ సరిగా పనిచేయదు. అత్తమ్మకు మధ్యలో రక్తం ఎక్కించాల్సి వచ్చింది. వాంతులు, విరేచనాలు, నీరసం అన్నీ వచ్చాయి. పెరుగన్నం తప్ప ఏదీ పడలేదు. జుట్టు మాత్రం పెద్దగా రాలలేదు. పొత్తికడుపుకు పెట్టే కరెంటుతో తల జుట్టు పోదు, సిస్‌ప్లాటిన్‌తోనూ మామూలుగా కొంచెం పలచబడుతుందంతే. పిల్లలను దగ్గరికి రానివ్వొచ్చా అని చాలామంది అడిగారు. నిరభ్యంతరంగా రానివ్వొచ్చు, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవ ఉండదు.

ఆ తర్వాత బ్రాకీథెరపీ, అంటే లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్. మత్తిచ్చి, గొట్టాలు లోపల అమర్చి, వాటి గుండా ఇరిడియం మూలకాన్ని గడ్డ దగ్గరికే పంపి, మోతాదు అందాక వెనక్కి తీసేస్తారు. బయటి కరెంటు అయిపోయింది, గడ్డ కరిగింది, ఇక ఇది ఎందుకని ఇంటికి వెళ్లిపోయేవాళ్లను మేం చూశాం. దయచేసి అలా చేయకండి. ముఖద్వారానికి అందాల్సిన పెద్ద మోతాదు అందేది దీంతోనే.

బయటి రేడియేషన్, బ్రాకీ అన్నీ కలిపి 8 వారాల లోపు పూర్తవ్వాలి. మాకు మధ్యలో సంక్రాంతి వచ్చింది. వారం రోజులు ఊరికి తీసుకురమ్మని ఫోన్ల మీద ఫోన్లు. అద్దె గది ఖాళీ చేయలేదు. ఈసారి చిన్నమామయ్యే అందరికీ సర్దిచెప్పి, పిండివంటలు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.