మా కార్ షెడ్డు షట్టర్ మోటార్: ఉగాది ముందు నుంచి శ్రావణం దాకా రాసుకున్నది

ముందు సెటప్ చెప్తా, లేకుంటే తర్వాత రాసేది అర్థం కాదు. మాది అనంతపురం, ఉత్తరం వాకిలి ఇల్లు, కింద ఒక కారు రెండు బండ్లు పట్టే షెడ్డు. దానికి 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు రోలింగ్ షట్టర్, మా నాయన 2009లో వేయించింది, సుమారు వంద కిలోలు ఉంటాది. పదిహేనేండ్లు చేత్తోనే ఎత్తి దించుకున్నాం. నాయనకు మోకాళ్లు పట్టేసినాక వంగి ఎత్తడం కష్టమైపోయింది, అందుకే పోయిన నవంబర్లో ఆ పాత షట్టర్‌కే 300 కిలోల సైడ్ మోటార్ పెట్టించినాం. చెయిన్‌తో పైపును తిప్పే రకం. దాంతో పాటు రిమోట్ రిసీవర్, కింద రెండు పక్కల ఫోటో సెన్సర్లు (కంటి సెన్సర్లు అంటారు, మధ్యలో ఏదన్నా అడ్డం వస్తే షట్టర్‌ను దిగనివ్వవు), కరెంటు పోతే లాగేదానికి చేతి చెయిన్.

యూట్యూబ్‌లో గ్యారేజ్ డోర్ ఓపెనర్ అని వెతికితే వచ్చేవన్నీ అమెరికా తలుపులు, పలకలు పలకలుగా మడిచి సీలింగ్ కిందికి పోయేవి, పైన రైలు, దాని మీద ట్రాలీ, తలుపు నెత్తిన పెద్ద టార్షన్ స్ప్రింగు. మనది అట్ల కాదు, పైపుకు చుట్టుకునే షట్టర్. అయినా ఒక్క విషయం రెండిటికీ ఒకటే, బరువు మోసేది స్ప్రింగు, మోటార్ ఊరికే తిప్పుతాది అంతే. ఇది నవంబర్లోనే తెలిసి ఉంటే కింద రాసిన సగం పని ఉండేది కాదు.

మార్చి 9

పొద్దున్నే రిమోట్ నొక్కితే గుంయ్‌మని సౌండ్ తప్ప షట్టర్ కదలలేదు. చేతి చెయిన్ కొంచెం లాగి ఊతం ఇస్తే అప్పుడు అందుకుని పైకి పోయింది. దిగేటప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే దిగేటప్పుడు బరువే కిందికి లాగుతాది కదా. ముందు వోల్టేజ్ చూసినా, పొద్దున 228, రాత్రి ఎనిమిదికి వీధిలో ఏసీలన్నీ ఆన్ అయినాక 204. తక్కువే కానీ పొద్దున కూడా ఇదే కథ కాబట్టి వోల్టేజ్ కాదు అని పక్కన పెట్టినా.

సింగిల్ ఫేజ్ మోటార్ గుంయ్‌మని తిరగకుంటే మొదట చూడాల్సింది కెపాసిటర్, అంటే మోటార్ తిరగడం మొదలుపెట్టేదానికి ఊతం ఇచ్చే చిన్న డబ్బా. ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి, ఐదు నిమిషాలు ఆగి, హోల్డర్‌కు రెండు వైర్లు పెట్టిన 60 వాట్ల బల్బుతో కెపాసిటర్ రెండు కాళ్లూ కలిపి ఛార్జ్ ఖాళీ చేసినా. దయచేసి ఈ స్టెప్ వదలొద్దు, కరెంటు తీసేసినా లోపల ఛార్జ్ ఉంటాది, గట్టిగా కొడతాది. దాని మీద 20 మైక్రోఫారడ్ (ఛార్జ్ పట్టే కొలత), 450 వోల్టులు అని ఉంది, మల్టీమీటర్లో 12.3 చూపించింది. టవర్ క్లాక్ దగ్గర షాపులో 20ది లేదు 25ది తీసుకో ఏం కాదు అన్నారు, నేను తీసుకోలే. మైక్రోఫారడ్ ఎక్కువైతే మోటార్ వైండింగ్ వేడెక్కుతాది, వోల్టులు ఎక్కువ ఉన్నా పర్వాలేదు కానీ మైక్రోఫారడ్ అదే ఉండాల. ఇంకో షాపులో దొరికింది. బిగించినాక ఊతం లేకుండానే లేచింది.

మార్చి 30, ఉగాది

బంధువుల పిల్లలు రిమోట్ పట్టుకుని వరసగా ఏడెనిమిది సార్లు పైకీ కిందికీ ఆడించినారు, చివరికి మధ్యలో ఆగిపోయింది. మోటార్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఇది చెడిపోవడం కాదు, లోపల థర్మల్ కటాఫ్ ఉంటాది, వేడెక్కితే తనే ఆపేస్తాది, చల్లారితే మళ్లీ కలుస్తాది. మోటార్ ప్లేటు మీద ఎస్2, 4 నిమిషాలు అని ఉంటే దాని అర్థం ఒకేసారి 4 నిమిషాలకు మించి నడపొద్దు, తర్వాత పూర్తిగా చల్లారనీ అని. మాది ఒకసారి ఎక్కేదానికి 20 సెకన్లు, దిగేదానికి 20. ఏడెనిమిది సార్లంటే నాలుగు నిమిషాలు దాటిపోయింది. అరగంట తర్వాత మామూలుగా పనిచేసింది.

కానీ ఆ తర్వాతి వారం రెండో సారి ఎత్తేటప్పుడే ఆగిపోయింది. పిల్లలు లేరు, ఎండ కూడా లేదు, రాత్రి. అంటే మోటార్ మోయలేనంత బరువు ఎక్కడో పడుతోంది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ రోజు చేసిన పని ముందే చేసి ఉండాల్సింది. ఎంసీబీ దించేసి మొత్తం షట్టర్‌ను చేతి చెయిన్‌తో మెల్లగా పైదాకా లాగినా. చేత్తో లాగితే తెలుస్తాది, మోటార్ చెప్పదు. మొదటి నాలుగు అడుగులు ఒక మాదిరి బరువు, ఐదో అడుగు దగ్గర ఎడమ పక్క గట్టిగా పట్టేసి, ఒక్కసారి టక్కుమని వదిలి, మళ్లీ పోయింది. టార్చ్ వేసి చూస్తే ఎడమ చానల్ (షట్టర్ పట్టీల చివర్లు జారే నిలువు గాడి) అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది. బండి హ్యాండిల్ తగిలిన గుర్తు, పెయింట్ కూడా అంటుకుని ఉంది. మిగతా చోట చానల్ సందు 22 మిల్లీమీటర్లు, అక్కడ 15.

ఇంగ లోపల చూస్తే అసలు సంగతి. నవంబర్లో మోటార్ పెట్టినోళ్లు చానల్ నిండా గ్రీజు పూసి పోయినారు. మన ఊరి గాలికి, దుమ్ముకు గ్రీజు ఎట్ల తట్టుకుంటాది? స్క్రూడ్రైవర్‌తో గీకితే నల్లటి ముద్ద తాడు మాదిరి ఊడి వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరగరమంటోంది, అందులో రెండు బల్లి గుడ్ల పెంకులు, ఒక వేరుశనగ పొట్టు. అది గ్రీజు కాదు, పట్టీల చివర్లు అరగదీసే సాన పేస్టు. కిరోసిన్ గుడ్డతో మూడు సార్లు తుడిచి, ఎండలో ఆరనిచ్చి, నొక్కుకున్న చోట లోపల చెక్క పెట్టి సుత్తితో మెల్లగా కొట్టి 21 దాకా తెచ్చినా. తర్వాత గ్రీజు జోలికి పోలేదు, ఇంట్లో మైనపు ఒత్తి తీసుకుని చానల్ లోపల రెండు అంచులకూ బాగా రుద్దినా. సిలికాన్ స్ప్రే అయినా పర్వాలేదు. తడిగా అంటుకునేది ఏదీ చానల్‌లో వద్దు. మోటార్ చెయిన్‌కు మాత్రం ఆయిల్ కావాల, అది వేరే సంగతి, పలచగా పూసి మిగిలింది గుడ్డతో తుడిచేయాల.

క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే ఎత్తేటప్పుడు ముందు 2.9 ఆంపియర్లు ఉన్నది 2.5కి వచ్చింది. బాగుంది, కానీ ఇంకా ఎక్కువే అనిపించింది.

మే 6

కొత్త సమస్య, దీనికి నాలుగు రోజులు తల పట్టుకున్నా. సాయంత్రం ఐదున్నర నుంచి పొద్దు మునిగే దాకా షట్టర్ పైకి పోతుంది, కిందికి రాదు. రాత్రి బాగుంటుంది, పొద్దున బాగుంటుంది. వైర్లు చూసినా, సెన్సర్ అద్దం తుడిచినా, సాలెగూడు తీసినా, ఊహూ. మా అమ్మ కాఫీ ఇస్తా, "ఆ పక్క దానికి ఎండ కొడతాంది చూడు రా" అనింది. అదే.

కంటి సెన్సర్ జతలో ఒకటి కిరణం పంపేది, ఇంకోటి అందుకునేది. మాది ఉత్తరం వాకిలి కాబట్టి కిరణం తూర్పు పడమరలుగా పోతాది, అందుకునేది తూర్పు గోడకు ఉండి పడమర వైపు చూస్తోంది. నవంబర్లో బిగించినప్పుడు సూర్యుడు నైరుతి పక్కకు దిగుతాడు, ఇంటి గోడే నీడ. మే వచ్చేసరికి వాయవ్యం పక్కకు దిగుతాడు, ఎండ నేరుగా ఆ కంట్లో పడుతుంది, అది గుడ్డిదై ఏదో అడ్డం ఉందనుకుని దించనివ్వదు. మార్గం సులువు, రెండూ స్థానాలు మార్చేసినా. ఇప్పుడు అందుకునేది పడమర గోడకు, తూర్పు వైపు చూస్తాది, అటు పక్కింటి మేడ నీడ ఉంది కాబట్టి పొద్దున ఎండ కూడా పడదు.

మార్చేటప్పుడే ఎత్తు కూడా దించినా. నేల నుంచి 14 అంగుళాల్లో పెట్టి పోయినారు, మా పాప పాకుతాంది, దాని తల అంతకంటే కిందే ఉంటాది. అమెరికాలో 1993 జనవరి నుంచి ఇండ్ల కోసం తయారయ్యే ఓపెనర్లకు మనిషి ఇరుక్కోకుండా ఇట్లాంటి రక్షణ తప్పనిసరి, అక్కడ కంటి సెన్సర్లు నేల నుంచి 6 అంగుళాలకు మించకుండా పెడతారు. నేనూ 6కే పెట్టినా. ఇప్పుడు ప్రతి ఆదివారం షట్టర్ దిగేటప్పుడు అడ్డంగా చెప్పుల అట్టపెట్టె తోస్తా, ఆగాల్సిందే, ఆగకుంటే ఆ రోజు మోటార్ వాడేది లేదు.

మే 25

2.5 ఆంపియర్లు మళ్లీ 2.7 అయింది. షట్టర్ మేస్త్రీని పిలిచినా, పెద్దాయన, ఇట్లాంటివి జీవితమంతా చేసినాయన. మోటార్ వైపు చూడను కూడా చూడలే. చేతి చెయిన్ నాలుగు లాగులు లాగి, పైపు మీద చెవి పెట్టి, "నాయనా, లోపల స్ప్రింగు తెగిండాది, ఇన్నాళ్లూ మోటారే మోస్తా ఉంది" అన్నాడు. నేను "పోయిన నవంబర్లో మోటార్ పెట్టినోళ్లు చూడలేదా పెద్దాయనా" అంటే "వాళ్లు మోటార్ పెట్టేకి వచ్చినారు, స్ప్రింగు చూసేకి కాదు కదప్పా" అన్నాడు.

షట్టర్ చుట్టుకునే పైపు మీది కప్పు విప్పితే నిజమే. పైపు మీద మూడు స్ప్రింగు డబ్బాలు, మధ్య దాంట్లో చుట్టిన ఇనుప పట్టీ తెగి, తెగిన చోట తుప్పు పాతది, అంటే మోటార్ పెట్టకముందే తెగింది. నాయనకు ఎత్తడం కష్టమైంది మోకాళ్ల వల్ల ఒక్కటే కాదన్నమాట. ఆ మాట నాయనకు చెప్తే కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "రెండేండ్లుగా బరువుగానే ఉండె రా, నాకే వయసైందనుకున్నా" అన్నాడు. దాని తర్వాత నేను ఆ రోజు ఇంకేం రాయలేదు.

స్ప్రింగు పని మాత్రం మీరు చేయొద్దు, నేనూ చేయలే. చుట్టి పెట్టిన స్ప్రింగులో ఉన్న బలం చెయ్యి విరిచేంత ఉంటాది. మేస్త్రీ షట్టర్ మొత్తం పైకెత్తి, కింద ఇనుప పైపులు ఆనించి, పైపును పెద్ద రెంచితో పట్టి ఇంకో మనిషితో తాడు కట్టించి అప్పుడు విప్పినాడు. తెగిన దానితో పాటు మిగతా రెండూ మార్చేయమన్నా, ఒకటి కొత్తది రెండు పాతవి ఉంటే బరువు సమంగా పంచుకోవు. మార్చినాక చేతి చెయిన్ చిటికెన వేలితో లాగినట్టు ఉంది. మీటర్లో 1.7.

జూన్ 1

మేస్త్రీ పనికి మోటార్ చెయిన్ విప్పి మళ్లీ ఎక్కించినాడు, ఎక్కించేటప్పుడు పళ్లు కొన్ని జరిగినాయి, దాంతో లిమిట్ (షట్టర్ పైన, కింద ఎక్కడ ఆగాలో పెట్టుకునేది) తప్పింది. చెయిన్ ఎప్పుడు విప్పినా లిమిట్ మళ్లీ పెట్టుకోవాల్సిందే అని గుర్తుపెట్టుకోండి. పై లిమిట్ తప్పితే షట్టర్ కింది పట్టీ కూడా పైన కప్పులోకి చుట్టుకుపోయి మొత్తం విప్పాల్సి వస్తాది. నేను మోటార్‌తో కాకుండా చేతి చెయిన్‌తోనే షట్టర్‌ను పైన కావాల్సిన చోటికి తెచ్చి, లిమిట్ డబ్బా మూత తీసి, మరలో జరిగే బిళ్లను స్విచ్ టిక్కుమనేదాకా తిప్పినా. కింద కూడా అంతే, కానీ నేలకు ఒక వేలి మందం ముందే ఆగేటట్టు పెట్టినా, మిగతాది కింది రబ్బరు చూసుకుంటాది. తర్వాత రిమోట్‌తో రెండు సెకన్లు నడపడం, ఆపడం, మళ్లీ నడపడం, అట్ల పరీక్ష. చేతిలో స్టాప్ బటన్ పట్టుకునే ఉన్నా.

డబ్బాలో ఎర్రచీమలు గూడు పెట్టుండాయి, వైరు దూరే బొక్క తెరిచి వదిలేసినందుకు. ఎంసీల్ ముద్ద పెట్టి మూసేసినా.

జులై 12, ఆషాఢం గాలులు

రాత్రంతా షట్టర్ గడగడ. దానికి చేసేదేం లేదు. రిమోట్ మాత్రం మూడు అడుగుల దగ్గరికి వస్తే గానీ పనిచేయడం లేదు. లోపలి 23ఏ బ్యాటరీ 12 వోల్టులు ఉండాల్సింది 10.1 ఉంది, మార్చినా, కొంచెం బాగైంది అంతే. అప్పుడు గుర్తొచ్చింది, పోయిన వారమే రిసీవర్ పక్కన కొత్త ఎల్‌ఈడీ బల్బు పెట్టినా. బల్బు ఆర్పితే రిమోట్ వీధి మలుపు నుంచే పనిచేస్తాంది, వెలిగిస్తే లేదు. కొన్ని ఎల్‌ఈడీల డ్రైవర్ సర్క్యూట్ రేడియో సిగ్నల్‌ను చెడగొడతాది. బల్బు అవతలి గోడకు మార్చి, రిసీవర్ డబ్బాలో చుట్టి పెట్టిన యాంటెన్నా వైరును బయటికి తీసి నిటారుగా వేలాడదీసినా. 433 మెగాహెర్ట్జ్ రిమోట్ సిగ్నల్‌కు ఆ వైరు 17 సెంటీమీటర్లు ఉండాల, కత్తిరించొద్దు, చుట్టొద్దు.

ఆగస్టు 10

మీటర్ 1.8. చానల్ తుడిచి ఒత్తి రుద్దినా. మోటార్ చెయిన్ మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటర్ దిగుతాంది, అట్లే ఉండనిచ్చినా.

నిన్న రాత్రి కరెంటు పోయింది, వాన చినుకులు, నేను ఇంట్లో లేను. నాయనే చేతి చెయిన్‌తో షట్టర్ దించినాడంట. ఆ చెయిన్ తగిలించే కొక్కెం ఆయనకు అందనంత ఎత్తులో ఉందని స్టూలు ఎక్కినాడని అమ్మ చెప్పింది. ఈ రోజు ఆ కొక్కెం నడుము ఎత్తుకు దించి, డ్రిల్ వేసి, రెండు యాంకర్ బోల్టులతో బిగించినా. నాయన వచ్చి రెండు సార్లు లాగి చూసి, "ఇంగ స్టూలు లోపల పెట్టేయ్" అన్నాడు.