ఇల్లినాయ్ చేలలో ఉల్లంకి పిట్టల లెక్క

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1972 నుంచి ఏటా మే 4, 10 తేదీల మధ్య వచ్చే శనివారంనాడు పక్షి ప్రేమికులు కౌంటీల (మన జిల్లాల వంటివి) వారీగా వసంతకాలపు పక్షి గణన జరుపుతారు. చిన్న జట్లుగా విడిపోయి, తమకు అప్పగించిన ప్రాంతంలో కనిపించినవీ వినిపించినవీ అన్నీ లెక్క రాస్తారు. అడవులూ చెరువులూ ఉన్న చోట్లను పాతవారు ముందే ఎంచుకోవడంతో మా జట్టుకు దున్ని వదిలిన చేలే మిగిలాయి. నిజానికి నేను కోరుకున్నదీ అదే.

అక్కడి పల్లెదారులు దాదాపు మైలుకొకటి చొప్పున నిలువుగానూ అడ్డంగానూ సాగుతాయి. ఇప్పుడు మొక్కజొన్న, సోయా పండే ఈ చదును నేలలో చాలా భాగం ఒకప్పుడు నీళ్లు నిలిచే పచ్చిక మైదానమే. పంతొమ్మిదో శతాబ్దంలో భూమి అడుగున మట్టి గొట్టాలు పరిచి నీటిని కాలువల్లోకి తీసేశాక సాగులోకి వచ్చింది. అయినా గట్టి వాన పడితే పల్లాల్లో కొద్దిపాటి నీరు కొన్నాళ్లు నిలుస్తుంది. విత్తు ఆలస్యమవుతున్న రైతుకు అది తలనొప్పి, దక్షిణ అమెరికా నుంచి ఆర్కిటిక్ దాకా ఎగిరిపోయే పక్షికి అన్నసత్రం.

మొదటి మడుగు దగ్గరే మన తీతువుకు దగ్గరి చుట్టమైన కిల్‌డీర్ గోల పెట్టింది. స్పాటింగ్ స్కోప్ (పక్షులను చూసే దూరదర్శిని) బిగించి చూస్తే బురదలో ఉల్లంకి జాతికే చెందిన డన్లిన్లు, పసుపు కాళ్ల ఉల్లంకులు, వాటి నడుమ పిచ్చుకంత చిన్న ఉల్లంకులు కనిపించాయి. అసలు కష్టం ఈ చిన్నవాటితోనే. వీటిలో లీస్ట్ శాండ్‌పైపర్ అనే రకం కాళ్లు పసుపు, సెమీపాల్మేటెడ్ అనే రకం కాళ్లు నలుపు అని పుస్తకాలు చెబుతాయి గానీ బురద అంటితే రెండూ నల్లగానే ఉంటాయి. పిట్ట నీటిలోకి దిగి కాళ్లు కడుక్కునేదాకా ఆగాలి. అంతలో గుంపు లేచిపోతే ‘గుర్తించని చిన్న ఉల్లంకి’ అని రాయాలి. పట్టికలో అన్నిటికంటే నిజాయితీ గల వరుస అదేనని నా అభిప్రాయం.

కిల్‌డీర్ కుటుంబానికే చెందిన గోల్డెన్ ప్లోవర్లు మాత్రం నీటికి దూరంగా, సోయా మోళ్ల మధ్య ఉన్నాయి. వాటి వీపు మీది బంగారు చుక్కలు మట్టిలో కలిసిపోతాయి కనుక, నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, ముక్కుతో పొడిచినప్పుడే అవి బయటపడతాయి. కొన్నిటి పొట్ట పూర్తిగా నల్లబడింది, కొన్నిటికి ఇంకా మచ్చలే. అర్జెంటీనా గడ్డి మైదానాల్లో శీతకాలం గడిపి టండ్రాలో గుడ్లు పెట్టే ఈ పక్షులు శరత్తులో ఎక్కువగా అట్లాంటిక్ మీదుగా దిగివెళ్లి, వసంతంలో దేశం నడుమనున్న ఈ మైదానాల మీదుగా తిరిగి వస్తాయి. 1821లో న్యూ ఆర్లియన్స్ దగ్గర ఒక్కరోజులో 48,000 ప్లోవర్లను కాల్చి ఉంటారని పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ అంచనా వేశాడు. వలస పక్షుల రక్షణ చట్టం 1918లో గానీ రాలేదు.

మేము పదేసి చొప్పున లెక్కిస్తుండగా ఆ చేను రైతు ట్రక్కు ఆపి పలకరించాడు. అక్కడ గొట్టం పూడిపోయిందని, బాగుచేయించి విత్తనం వేస్తానని చెప్పి, స్కోప్‌లోంచి చాలాసేపు చూసి వెళ్లాడు.

సాయంత్రం పట్టికలు ఇచ్చేటప్పుడు నిర్వాహకురాలు ప్లోవర్ల అంకె దగ్గర ఆగి, వాటిని ఎన్ని గంటలకు చూశామో, ఎటు ఎగిరాయో అడిగారు. పక్క జట్టు కాసేపటి తరువాత తూర్పున మైలు దూరంలో దాదాపు అంతే గుంపును రాసుకుంది. సమయమూ దిశా సరిపోవడంతో కౌంటీ లెక్కలో ఒక గుంపునే ఉంచి, రెండోది కొట్టేశారు.