పొగొస్తే ఇంజన్ దింపాల్సిందేనా?

రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగిన బొలేరోనో సుమోనో షెడ్డుకు తీసుకుపోయి పొగొస్తోందని చెప్తే, చాలాచోట్ల బానెట్ ఎత్తకముందే తీర్పొచ్చేస్తుంది: "ఇంజన్ బోరుకొచ్చిందప్పా, దింపాల్సిందే." నిజంగా బోరుకొచ్చిన, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిన బండ్లు ఉంటాయి, కాదనను. కానీ మన దుమ్ములో తిరిగే పాత డీజిల్ బండ్లలో పొగకు కారణం ఎన్నోసార్లు ఇంజన్ బయటే దొరుకుతుంది. ఫిల్టర్, గొట్టం, నాజిల్ (డీజిల్ చిమ్మే మూతి), బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం), టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకా) ఇవన్నీ చూడకుండా ఇంజన్ దింపితే, కొత్త పిస్టన్ రింగులు పడ్డాక కూడా అదే పొగ. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మెకానికల్ పంపున్న పాత డీజిల్ బండ్ల గురించి. కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో ఎక్కువ పీడనంతో డీజిల్ చిమ్మే కొత్తరకం), పెట్రోల్ బండ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

పొగ రంగు అందరూ చూస్తారు. ఎప్పుడొస్తోందో గమనించేవాళ్లే తక్కువ. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున సెల్ఫ్ కొట్టగానే వచ్చి రెండు నిమిషాల్లో ఆగిపోయే పొగ వేరు, వేడెక్కాక కూడా స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) వస్తూనే ఉండేది వేరు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే వచ్చేది వేరు. డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఇది తెలియదు. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా, బండిని ఇంకొకరికిచ్చి వెనకాల వేరే బండిలో పోతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఏం జరుగుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. నీలం, తెలుపు పొగల మధ్య ఎండలో తేడా పట్టడం కష్టం. అప్పుడు తెల్లగుడ్డను సైలెన్సర్ మూతికి అర అడుగు దూరంలో ఒక నిమిషం పట్టుకోండి. పొడి మసి పడితే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదు. జిడ్డు చుక్కలు పడితే ఇంజన్ ఆయిల్. తడిసి, ఎండాక మరక లేకపోతే నీళ్లు. కళ్లు మండుతూ పచ్చి డీజిల్ వాసన కొడితే కాలని డీజిల్. చలికాలం పొద్దున కాసేపు నీటి ఆవిరి రావడం మామూలే, దానికి భయపడక్కర్లేదు.

నల్లపొగతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇది చౌకగా తేలిపోతుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన ఎయిర్ ఫిల్టర్ గడువు పనికిరాదు, అందులో సగానికే మార్చాలి. ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో కొడితే మళ్లీ కొత్తదైపోతుందనుకోవద్దు. గాలి జోరుకు కాగితం చిల్లుపడుతుంది, ఆ చిల్లులోంచి పోయే రాతిపిండి రింగులను అరగదీస్తుంది. ఫిల్టర్ తీసి, దాని తర్వాత ఇంజన్ వైపు పోయే గొట్టం లోపల వేలితో తుడిచి చూడండి. వేలికి గరగరమని దుమ్ము తగిలితే ఫిల్టర్ డబ్బా సీలో, గొట్టమో, క్లిప్పో లీకవుతున్నట్టే. బండి ముందుముందు నీలం పొగకు పోబోతోందని చెప్పే గుర్తు కూడా అదే.

టర్బో ఉన్న బండిలో టర్బోకూ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కూ మధ్య రబ్బరు గొట్టాలు ఎండకు పగులుతాయి. స్లోలో ఏమీ తెలియదు, రేస్ చేసినప్పుడు బుస్సుమని శబ్దం, పుల్లింగ్ తగ్గడం, వెనక నల్లపొగ. గొట్టం మడతల్లో నూనె చెమ్మ ఉన్నచోట వంచి చూస్తే పగులు కనిపిస్తుంది. బీఎస్-3, బీఎస్-4 పొగ ప్రమాణాల బండ్లలో ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మసితో తెరుచుకున్నచోటే ఇరుక్కుపోయినా నల్లపొగే. విప్పి కార్బ్ క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

గాలి దారి బాగుంటే అప్పుడు డీజిల్ వైపు. పాత బండ్లలో "పుల్లింగ్ పెంచుతా" అని పంపు మీద ఫుల్ లోడ్ స్క్రూ (డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించేది) తిప్పేసిన కేసులు బోలెడు. సీలు తెగి ఉంటే అనుమానించాల్సిందే. అది అంచనాగా వెనక్కి తిప్పే పని కాదు, పంపు షాపులో క్యాలిబ్రేషన్ మిషన్ మీదే పెట్టాలి. నాజిళ్లకైతే చిన్న పరీక్ష ఉంది. ఇంజన్ స్లోలో పెట్టి ఒక్కొక్క సిలిండర్ డీజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేయాలి. ఏ సిలిండర్‌ది వదులు చేస్తే పొగ ఆగి, ఇంజన్ శబ్దంలో మాత్రం పెద్ద మార్పు రాదో, లోపం ఆ సిలిండర్‌లోనే. కామన్ రైల్ బండిలో ఈ పని ఎట్టి పరిస్థితుల్లో చేయొద్దు. ఆ పీడనంతో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి పోగొట్టుకునేంత ప్రమాదం. విప్పిన నాజిల్‌ను టెస్టర్ మీద పెట్టించినప్పుడు తుంపర సన్నగా విచ్చుకుంటోందా, మూతి దగ్గర చుక్క కారుతోందా అని పక్కన నిలబడి చూడండి. తిరిగి బిగించేటప్పుడు కింది రాగి వాషర్ కొత్తదే వేయాలి. పాతదాన్ని తిప్పేసి వేస్తే అక్కడ కంప్రెషన్ లీకవుతుంది.

తెల్లపొగలో రెండు కథలున్నాయి. పొద్దున మాత్రమే వచ్చి డీజిల్ వాసన కొడితే హీటర్ ప్లగ్గులు చూడాలి. టెస్ట్ బల్బు ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కూ ఇంకో కొసను వైరు తీసిన ప్లగ్గు మూతికీ ఆనిస్తే వెలగాలి, వెలగని ప్లగ్గు పోయినట్టే. నాలుగూ బాగుండి తెల్లపొగ ఉంటే పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) వెనక్కి పోయిందేమో చూడాలి. అలాంటి బండికి పికప్ కూడా తగ్గుతుంది.

రెండో కథ నీళ్లది. అనంతపురం ప్రాంతంలో బోరునీళ్ల కాఠిన్యం తెలిసిందే. అవే నీళ్లు ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది, మే నెల ఎండలో ఇంజన్ వేడెక్కుతుంది, హెడ్డు (ఇంజన్ పైభాగం) వంగుతుంది, దాని కిందుండే హెడ్ ప్యాకింగ్ పోయి నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. వేడెక్కాక కూడా ఆగని, తియ్యటి వాసనున్న తెల్లపొగ దాని గుర్తు. బోరునీళ్లే పోసిన బండిలో కూలెంట్ ఉండదు కాబట్టి ఆ వాసనా ఉండదు, ఆవిరి మాత్రమే. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తాయి. మూత బిగించి స్టార్ట్ చేస్తే ఒకటి రెండు నిమిషాలకే, నీళ్లు వేడెక్కకముందే రేడియేటర్ పైగొట్టం గట్టిగా బిగుసుకుంటుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే ఆ బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, బేరింగులు పోతాయి. ప్యాకింగ్ మార్చేటప్పుడు హెడ్డును లేత్ షాపులో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే రేకు) దూరుతుందేమో చూపించుకోవాలి. చాలా డీజిల్ ఇంజన్లకు ప్యాకింగ్ మందం రకరకాలుగా వస్తుంది, అంచున గాట్లో చిల్లులో గుర్తుగా ఉంటాయి. పాతదాని మీద ఎన్ని ఉన్నాయో చూసి అదే తేవాలి. తర్వాత కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం, బోరునీళ్ల ఊసే వద్దు.

ఇక నీలం పొగ, అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్న పొగ. డబ్బు ఎక్కువ పోయేదీ, తొందరపాటు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

మొదట డిప్‌స్టిక్. ఆయిల్ పై గీత దాటి ఉంటే క్రాంకు దాన్ని చిలికి పైకి కొడుతుంది. ఎవరూ పోయకుండానే లెవల్ పెరుగుతూ, ఆయిల్‌లో డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగిందేమో చూడండి. తర్వాత బ్రీదర్ గొట్టం. అది మసితో మూసుకుపోతే కింది పీడనం బయటికి పోలేక ఆయిల్‌ను దొరికిన దారిలో తోస్తుంది. డీజిల్‌తో కడిగి ఆరబెట్టి బిగిస్తే ఖర్చేమీ లేదు.

ఆ తర్వాతే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగుల పక్కనుంచి ఇంజన్ కిందికి జారే గాలి. వేడెక్కిన ఇంజన్‌ను స్లోలో పెట్టి, ఆయిల్ పోసే మూత విప్పి అక్కడే బోర్లా పెట్టండి. మెల్లగా కదిలితే ఆ వయసు బండికి సహజం. ఎగిరి పడిపోతే, అక్కడినుంచి పొగ దబదబా వస్తే రింగులు, బోరు అరిగాయి. మూత కదలకుండా ఉండి వెనక నీలం పొగ వస్తుంటే ఇంజన్ దింపొద్దు, టర్బో చూడండి. గాలి గొట్టం తీసి లోపల పలచని నూనె పొర ఉంటే ఫరవాలేదు, మడుగు కట్టి ఉంటే తప్పు. ఇంజన్ ఆపి చల్లారాక టర్బో ఇరుసును వేళ్లతో కదిపితే పక్కలకు కాస్త ఆట ఉండొచ్చు, ముందుకూ వెనక్కీ ఆట తెలియకూడదు, రెక్కలు గోడకు రాసుకోకూడదు. టర్బో మార్చే ముందు దాని కింది ఆయిల్ రిటర్న్ గొట్టం, ఎయిర్ ఫిల్టర్ చూశారా అని అడగండి. ఆ గొట్టం మూసుకుపోయినా, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా కొత్త టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది.

టర్బో ఆయిల్ ఎక్కువ వదిలితే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్ మీదే తిరగడం మొదలుపెడుతుంది. తాళం తీసినా ఆగదు, రేస్ పెరుగుతూ పోతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరులో క్లచ్ వదిలి ఇంజన్ బంద్ చేయాలి. గాలి మూతిని చెక్కతో మూయొచ్చు గానీ చెయ్యి మాత్రం అడ్డం పెట్టకూడదు.

పెట్రోల్ బండైతే వాల్వ్ సీళ్లను (వాల్వుల పక్కనుంచి ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపేవి) ఘాట్ రోడ్డే పట్టిస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసి గేరులో దిగి, కింద మళ్లీ తొక్కగానే నీలం మబ్బు వస్తే సీళ్లు, గైడ్లు. చాలావరకు ఇంజన్ దింపకుండా పైనే మార్చొచ్చు. పాత డీజిల్‌లో గాలిని ఆపే థ్రాటిల్ ఉండదు కాబట్టి ఈ పరీక్ష అంతగా పనికిరాదు.

బ్యాక్ కంప్రెషన్ ఎక్కువుంటే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కొక్క సిలిండర్‌లో ఎంత పీడనం వస్తోందో కొలవడం) తప్పనిసరి. బ్యాటరీ ఫుల్‌గా, ఇంజన్ వేడిగా ఉండాలి. బాగున్న పాత డీజిల్ ఇంజన్‌లో సాధారణంగా 350 నుంచి 450 పీఎస్‌ఐ వస్తుంది. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటకూడదు. ఒక్కటే తగ్గితే వాల్వో ప్యాకింగో కూడా కావొచ్చు. అన్నీ సమానంగా పడిపోయి, 1000 కి.మీ.కి లీటరు పైన ఆయిల్ తాగుతుంటే ఇక దింపాల్సిందే. అప్పుడు బోరును డయల్ గేజ్‌తో పైనా కిందా కొలిపించి అంకెలు కాగితం మీద రాయించుకోండి. బాగా అరిగిన బోరులో రింగులు మాత్రం మారిస్తే దండగ ఖర్చు. నునుపెక్కిన బోరుకు హోనింగ్ (గోడ మీద సన్నటి గీతలు గీయడం) చేయకుండా రింగులేసినా అంతే, రింగు పట్టు దొరక్క పొగ ఆగదు. కొత్త రింగును బోరులోకి తోసి మూతి సందు ఫీలర్‌తో చూడాలి, 90 మి.మీ. బోరుకు సుమారు 0.35 మి.మీ. ఉండాలి. తర్వాత మొదటి 1000 కి.మీ. ఫుల్ లోడు వద్దు, గంటలకొద్దీ స్లోలో పెట్టడమూ వద్దు.

పొల్యూషన్ సర్టిఫికెట్ విషయానికొస్తే, బీఎస్-4 కంటే ముందు డీజిల్ బండ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత), బీఎస్-4 బండ్లకు 50. చల్లటి ఇంజన్‌తో పోతే రీడింగ్ ఊరికే పెరుగుతుంది, కనీసం పది కిలోమీటర్లు నడిపి వేడిమీద చేయించండి. ఆ పరీక్షలో ఇంజన్‌ను గవర్నర్ (వేగం హద్దు దాటకుండా ఆపేది) ఆపేదాకా పదేపదే రేస్ చేస్తారు కాబట్టి, టైమింగ్ బెల్ట్ ఉన్న బండైతే దాని గడువు చూసుకునే పోవాలి.