వాడు అంత వెనక ఎందుకు నిలబడ్డాడంటే

పదకొండున్నర దాటింది. లైటు తీసేసి గంటసేపు దొర్లి, ఇక నిద్ర రాదని తేలాక లేచొచ్చి కూర్చున్నాను. సాయంత్రం చిన్నోడి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అన్నయ్యగారు అన్న ఒక్క మాట బుర్రలోంచి పోవట్లేదు. "ఏంటమ్మా, మీవాడు అందరికంటే వెనక్కి పోయి నిలబడ్డాడు, భయమా?" అన్నారు. మామూలుగానే అన్నారు, అనేసి ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు. నేను మాత్రం ఆ తర్వాత మ్యాచ్ సరిగ్గా చూడలేకపోయాను. బంతి కదిలిన ప్రతిసారీ ముందు అన్నయ్యగారి మొహం చూడటం, తర్వాత మైదానం చూడటం.

ఒక్కసారి అని ఊరుకున్నా బాగుండేది. రెండో క్వార్టర్‌లో "క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబెడతారే, అలా పెట్టేశారు పాపం" అన్నారు. కాసేపాగి "ముందుకి పోరా నాన్నా, ముందుకి పో" అని గట్టిగా అరిచారు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. వదిన మోచేత్తో పొడిచినా ఆగలేదు. మా ఆయన సంగతి తెలిసిందే కదా, "ఊరుకో, ఆయనకేం తెలుసు" అని నా చెవిలో అని తను ఫోన్‌లో స్కోరేదో చూసుకుంటున్నారు. ఆ చలిలో, శుక్రవారం పూట పని మానుకుని మా వాడి కోసం వచ్చిన మనిషి ఆయన. జంతికలు కూడా పట్టుకొచ్చారు. నేనేమనగలను? నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వి ఊరుకోవడమే ఇప్పుడు కుదురుగా కూర్చోనివ్వట్లేదు.

భయం కాదు అన్నయ్యగారూ. వాడు కోచ్ నిలబడమన్న చోటే నిలబడ్డాడు. మా జట్టులో ముగ్గురు సేఫ్టీలు, అంటే అందరికంటే వెనక కాపలా కాసేవాళ్ళు, ఆడతారు, వాళ్ళలో మధ్యవాడు మా వాడు. బంతికి 12 యార్డుల వెనక.

అవతలి జట్టు స్ప్రెడ్ ఆడింది. మైదానం వెడల్పు 160 అడుగులు, ఆ వెడల్పంతా పాస్ పట్టుకునే రిసీవర్లను నలుగుర్ని పరిచేశారు. డిఫెన్స్ వాళ్ళు 11 మందే, ఎక్కడని నిలబడతారు? రిసీవర్ల వెంట పక్కలకి పోతే మధ్యలో బాక్స్, అంటే బంతికి ఎదురుగా గుంపు ఉండే చోటు, ఖాళీ అయిపోతుంది, హాయిగా బంతి రన్నింగ్ బ్యాక్ చేతికిచ్చి పరిగెత్తిస్తారు. బాక్స్‌లో జనాన్ని పెంచితే పక్కన ఒంటరిగా ఉన్న రిసీవర్‌కి టక్కున విసిరేస్తారు. పైగా ఆర్పీఓ ఒకటి, అంటే పరిగెత్తించాలో విసరాలో అప్పటికప్పుడు తేల్చుకునే ఆట. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, డిఫెన్స్ ముందు వరస వెనక నిలబడే ఒకే ఒక్క లైన్‌బ్యాకర్ మీద కన్నేసి ఉంచుతాడు. ఆ లైన్‌బ్యాకర్ ముందుకి అడుగేస్తే వాడి వెనక ఖాళీలోకి విసురుతాడు, ఆగిపోతే బంతి రన్నింగ్ బ్యాక్‌కి వదిలేస్తాడు. పాపం ఆ పిల్లాడు ఏం చేసినా తప్పే. ఎంత బాగా ఆడేవాడైనా తప్పే.

ఆ పిల్లాణ్ణి ఆ ఇరకాటంలోంచి తప్పించడానికే మా వాణ్ణి వెనక పెట్టింది. ముందు వరసలో ముగ్గురే ఉంటారు. ఒకడు సరిగ్గా బంతి వెనక్కి అందించే సెంటర్‌కి ఎదురుగా, మిగతా ఇద్దరూ అవతలి లైన్ చివర్లలో ఉండే టాకిల్స్ లోపలి భుజాల మీద. దీన్ని టైట్ ఫ్రంట్ అంటారు. సెంటర్ పక్కనుండే గార్డుకీ టాకిల్‌కీ మధ్య సందులు రెండు వైపులా మూసుకుపోతాయి కాబట్టి మధ్యలోంచి దూరదామనుకున్న రన్నర్ పక్కకి తిరగాల్సిందే, తిరిగేసరికి వెనకున్న వాళ్ళు అందుకుంటారు. ఇక లైన్‌బ్యాకర్ కంగారుపడి దూకక్కర్లేదు. మధ్య సేఫ్టీ పాస్ కోసం వెనక్కి పోతాడో, పరుగు ఆపడానికి కిందికి దిగుతాడో బంతి కదిలేదాకా క్వార్టర్‌బ్యాక్‌కి తెలియదు. అలా తెలియనివ్వకపోవడమే వాడి పని. వాడు ఊరికే నిలబడ్డట్టు కనిపించినంతసేపూ అవతలివాడు వాణ్ణి లెక్కేసుకుంటూనే ఉంటాడు.

మా తమ్ముడు కబడ్డీ ఆడే రోజుల్లో ఇదే చూశాను. కూతకొచ్చినవాడి మీదకి తొందరపడి ఎగబడితే పాయింటు చేతికిచ్చినట్టే. బాగా ఆడేవాళ్ళు వెనక్కి జరిగి జరిగి, వాడు లోపలికొచ్చాక పట్టేవాళ్ళు. వాళ్ళని భయపడ్డారని మా ఊళ్ళో ఎవరూ అనలేదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఏమ్స్, అమెరికాలో అయోవా రాష్ట్రంలో మేమున్న ఊరు. అక్కడి మా అపార్ట్‌మెంట్ గురించి ఇక్కడ ఎన్నోసార్లు రాశాను కానీ ఆ శనివారం గురించి రాసినట్టు లేదు. 2017 అక్టోబర్ 7. ఆ ఊరి యూనివర్సిటీ జట్టు అయోవా స్టేట్ వాళ్ళు ఓక్లహామా యూనివర్సిటీతో ఆడటానికి వాళ్ళ ఊరు నార్మన్ వెళ్ళారు. ఓక్లహామా అప్పుడు దేశంలో మూడో ర్యాంకు, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్, ఆ ఏడాదే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. మనవాళ్ళు 1990 తర్వాత అక్కడ గెలిచిందే లేదు. పైగా రెగ్యులర్ క్వార్టర్‌బ్యాక్ లేడు, కైల్ కెంప్ట్ అని స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరిన కుర్రాణ్ణి దింపారు. ఓడిపోతామని ఊరంతా ముందే సర్దుకుపోయింది.

మా ఆయన ల్యాబ్‌లో ఉన్నారు. చిన్నోడు నేలమీద లెగో పరుచుకుని కూర్చున్నాడు. నేను చట్నీకి వేరుశనగ గుళ్ళు వేయిస్తున్నాను. అప్పుడు పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి తలుపు కొట్టింది, వాళ్ళ టీవీ పాడైందట, మా ఇంట్లో చూడొచ్చా అని. ఆ దేశంలో ఎవరో నా తలుపు తట్టి లోపలికి రానా అని అడగడం అదే మొదలు. అప్పటికి నాకు ఫుట్‌బాల్ అంటే శనివారాలు కార్లన్నీ ఆగిపోవడం, జాక్ ట్రైస్ స్టేడియం వైపు నుంచి అరుపులు, అంతే. ఆ అమ్మాయి అయోవా పిల్లే, వాళ్ళ నాన్న హైస్కూల్ కోచ్. కాసేపు చూసి, నాకేం అర్థం కావట్లేదని గమనించి, పళ్ళెంలో ఆరబెట్టిన గుళ్ళు పదకొండు తీసి టేబుల్ మీద పేర్చింది. ఓక్లహామాకేమో నా డబ్బాలోంచి పచ్చి శనగలు. ముందు మూడు, వెనక మూడు, అటూ ఇటూ రెండు, ఇంకా వెనక మూడు. ఆ వెనక మూడింట్లో మధ్య గుండుని వేలితో ముందుకీ వెనక్కీ జరుపుతూ, చూడు దీని మీదే కన్నుంచు అంది. అయోవా స్టేట్ డిఫెన్స్ కోచ్ జాన్ హీకాక్, ఆయన ఆ సీజన్‌లోనే ఈ ముగ్గురు సేఫ్టీల పద్ధతిలోకి మారాడు.

ఒక దశలో 24-10తో వెనకబడ్డాం. ఆ అమ్మాయి మాట్లాడటం మానేసి గుళ్ళు తినడం మొదలుపెట్టింది, డిఫెన్స్‌లో ఇద్దరు తగ్గిపోయారు. తర్వాత నెమ్మది నెమ్మదిగా మేఫీల్డ్‌కి ముందులా ఖాళీలు దొరకడం మానేశాయి. జోయెల్ లానింగ్ అని ఒకడు, అంతకుముందు ఏడాది క్వార్టర్‌బ్యాక్, ఆ ఏడాది లైన్‌బ్యాకర్, ఆ రోజు రెండూ ఆడాడు. 31-31 అయింది. ఇంకా రెండు నిమిషాల చిల్లర ఉండగా కెంప్ట్ 25 యార్డుల నుంచి అలెన్ లజార్డ్‌కి విసిరాడు, లజార్డ్ పట్టేశాడు, 38-31. ఆ పిల్ల నన్ను వాటేసుకుని ఏడ్చింది. చిన్నోడు లెగో వదిలేసి ఎందుకో తెలియకుండానే గెంతాడు. మూడు వారాల తర్వాత నాలుగో ర్యాంకులో ఉన్న టీసీయూని (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) 14-7తో ఆపినప్పుడు మళ్ళీ ముగ్గురం టేబుల్ దగ్గరే ఉన్నాం, గుళ్ళు ముందే లెక్కపెట్టి పెట్టాను.

ఇంతవరకూ రాసి, పైనుంచి మళ్ళీ చదివాను. ఒకటి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు ఆ అమ్మాయిని నేను మొదట అడిగిన ప్రశ్న ఏంటంటే, వీళ్ళు ఓక్లహామాకి భయపడి అంత వెనక్కి పోయారా అని. అచ్చం అన్నయ్యగారి మాటే. ఆ పిల్ల కోప్పడలేదు, గుళ్ళు పేర్చింది. నేను అన్నయ్యగారికి ఏం పేర్చాను? పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మూడో క్వార్టర్‌లో మూడో డౌన్, అంటే వాళ్ళ మూడో ప్రయత్నం, 11 యార్డులు కావాలి. మావాళ్ళు ముగ్గుర్నే క్వార్టర్‌బ్యాక్ మీదకి పంపి ఎనిమిది మందిని వెనక్కి తీశారు. ముగ్గుర్ని ఐదుగురు లైన్‌మెన్ ఆపుతుంటే ఆ కుర్రాడు తీరిగ్గా నిలబడి ఒక వైపు చూసి, రెండో వైపు చూసి, చివరికి అవతలి సైడ్‌లైన్ దగ్గర ఖాళీగా ఉన్నవాడికి విసిరాడు. ఎనిమిది మందైనా సరే అంతసేపు ఎవర్నీ వదలకుండా కాయడం పదిహేనేళ్ళ పిల్లల వల్ల కాదు. అన్నయ్యగారు లేచి "ఎవరో ఒకరు వాడి మీదకి వెళ్ళండ్రా" అని అరిచారు. నిజానికి అక్కడ నాలుగోవాణ్ణి పంపాల్సింది, కోచ్ పంపలేదు. ఆయన సరిగ్గా చూశారు, నేను అప్పటికే కోపంలో ఉండి ఒప్పుకోలేదు.

ఈ పద్ధతికి తిరుగులేదని నేనెప్పుడో నమ్మేశాను కానీ అదేం కాదు. టీసీయూ వాళ్ళు కూడా ముందు ముగ్గుర్నీ వెనక ఐదుగుర్నీ పెట్టే ఆటతోనే 2022 డిసెంబర్ 31న మిషిగన్‌ని 51-45తో గెలిచారు, అందులో రెండు టచ్‌డౌన్లు పాస్‌లు మధ్యలో పట్టేసి తెచ్చినవే. తొమ్మిది రోజుల తర్వాత ఫైనల్‌లో జార్జియా చేతిలో 65-7తో చిత్తుగా ఓడిపోయారు. లైన్ పక్కనే నిలబడే పెద్ద పెద్ద టైట్ ఎండ్‌లని దింపి మీదకొచ్చే జట్టు ముందు, వెనక తేలికపాటి పిల్లల్ని ఎక్కువ పెట్టుకుంటే బరువు సరిపోదు.

మరి నాకెందుకింత పట్టుదల? ఆలోచిస్తే సమాధానం నాకే నచ్చలేదు. మా వాడు ముందు వరసలో లేడు, ఆ కుమ్ముకునే గుంపుకి 12 యార్డుల దూరంలో ఉన్నాడు, ఆ దూరం నాకు ఇష్టం. కోచ్ సేఫ్టీ అన్న రోజున ఆ పేరు విని నేను పొంగిపోయాను. ఆ మాట మా ఆయనతో అంటే, ఆట పట్టించుకోని ఆయన కూడా "అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి గుద్దేది వాడే కదే, దెబ్బ ఇంకా గట్టిగా తగలదూ?" అన్నారు. ఆ రోజు నుంచి వాడు కిందికి దిగిన ప్రతిసారీ నా ఊపిరి ఆగుతోంది. అన్నయ్యగారు భయమా అన్నప్పుడు నాకు గుచ్చుకుంది వాడి గురించి కాదేమో.

చెప్పడం మర్చిపోయాను, మనవాళ్ళు గెలిచారు. నాలుగో క్వార్టర్‌లో చిన్నోడు మధ్యలోకి వచ్చిన పాస్‌ని చేత్తో కొట్టి పడేశాడు, అన్నయ్యగారే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక వాడికి మజ్జిగన్నం కలిపిస్తూ, అంకుల్ అలా అన్నారని చెప్పాను. వాడు నా తరఫున కోప్పడతాడనుకున్నాను. "కరెక్టే కదమ్మా, నేను 12 దగ్గర లేను, 15 దగ్గర ఉన్నాను. హాఫ్ టైమ్‌లో కోచ్ కూడా అదే అన్నాడు" అన్నాడు. ఎందుకు అన్నాను. బంతి మొదటిసారి వాళ్ళ చేతికొచ్చినప్పుడే, లోపలి వైపు నిలబడే వాళ్ళ స్లాట్ రిసీవర్ వీణ్ణి దాటి వెళ్ళిపోయాడట, బంతి అటు వేయలేదు కాబట్టి ఎవరికీ కనపడలేదట, అప్పట్నుంచి ప్రతి ప్లేకీ వీడు కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ పోయాడట. గమనించింది కోచ్, అన్నయ్యగారు. నేను ఒక్క ప్లే కూడా వదలకుండా చూశాననుకున్నాను, ఆ మూడు యార్డులు చూడలేదు.

ఇంకేమీ అడగలేదు. వాడు గిన్నె సింకులో పెట్టి, భుజానికి ఐస్ చుట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.