ఇస్త్రీపెట్టె పెడితే ఇల్లంతా చీకటి: పెరట్లో సాకెట్ పెట్టించుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రంతో పదకొండు రోజుల గోల తీరింది. కోపం చల్లారక ముందే రాసేస్తున్నా.

కావలసింది పెరట్లో ఒక సాకెట్, గేటు దగ్గర ఒక లైటు. నేలలో వేయడానికి ఆర్మర్డ్ కేబుల్ (పైన ఉక్కు కవచం ఉన్నది), గోడకి ఐపీ65 మెటల్ బాక్సు తెచ్చాను. ఐపీ పక్కన మొదటి అంకె దుమ్మును, రెండోది నీళ్లను బాక్సు ఎంత ఆపుతుందో చెబుతుంది. ప్లగ్ పెట్టి ఉన్నా మూత పడే రకమే కొనండి, లేకపోతే మోటారు ఆడుతున్నంతసేపూ బాక్సు నోరు తెరుచుకునే ఉంటుంది. కేబుల్ కింది నుంచి, గ్లాండ్ (కేబుల్ దూరే కంతను బిగించి మూసే బిరడా) వేసి లోపలికి తెచ్చాం. పై నుంచి తెస్తే వాన నీరు తీగ వెంటే దిగుతుంది. బాక్సుకి ఎర్త్ కలిపాం. ఒక్క రోజులో పని అయిపోయింది.

మర్నాడు మా ఆవిడ ఇస్త్రీపెట్టె స్విచ్ వేసింది. ఠప్! ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే లైను తెంపే స్విచ్) పడిపోయి ఇల్లంతా చీకటి. లైట్లు, ఫ్యాన్లు వేస్తే ఏమీ లేదు. ఇస్త్రీపెట్టె, గీజరు లాంటివి పెడితేనే పడుతోంది. పెరటి లైను మీద అనుమానంతో దాని ఎంసీబీ (లోడు మితిమీరితే లైను తెంపే స్విచ్) దించేశాను. అయినా పడుతోంది! దాంతో తప్పు ఇంట్లోనే ఉందని నాలుగు రోజులు సాకెట్లన్నీ విప్పించాను. ఇస్త్రీపెట్టె కూడా కొత్తది కొన్నాం.

వైరింగు చేసినాయన వచ్చి, "ఆర్‌సీసీబీ పాడైంది సార్, బైపాస్ చేసేద్దాం, ఎంసీబీలు ఉన్నాయిగా" అన్నాడు. ఈ మాట ఎవరన్నా ఆ మనిషిని మళ్లీ గుమ్మం ఎక్కనివ్వకండి. 6 ఆంపుల ఎంసీబీ అంటే 6000 మిల్లీ ఆంపులు దాటేదాకా కదలదు. అందులో నూరో వంతు కూడా మనిషి ప్రాణం తీయగలదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా ప్లగ్ పట్టుకునే చోట మనల్ని కాచేది 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీయే. ఒప్పుకోలేదు. ఆ ఒక్క విషయంలో నన్ను నేను మెచ్చుకుంటాను.

రెండో ఎలక్ట్రీషియన్ కుర్రాడు. డీబీ (ఈ స్విచ్చులన్నీ ఉండే పెట్టె) తెరిచి, న్యూట్రల్ తీగలు (కరెంటు తిరిగొచ్చేవి) ఒక్కొక్కటీ పీకుతూ, మధ్యమధ్యలో ఇస్త్రీపెట్టె వేయించాడు. పెరటి న్యూట్రల్ పీకాక ట్రిప్ అవలేదు. "ఎంసీబీ దించితే తెగేది ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ ఒక్కటే సార్. న్యూట్రల్ అలాగే ఉంటుంది" అన్నాడు. పెరట్లో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోంది. ఇంట్లో బరువైన లోడ్ వేయగానే తిరిగి రావలసిన కరెంటులో కొంత అటు జారుకుంటోంది. వెళ్లిన దానికి, వచ్చిన దానికి తేడా 30 దాకా వచ్చిందంటే ఆర్‌సీసీబీ ఊరుకోదు.

మెగ్గర్ (తీగ తొడుగు కరెంటుని ఎంత ఆపుతోందో కొలిచే మీటరు) పెట్టాడు. 500 వోల్టుల దగ్గర కనీసం ఒక మెగా ఓమ్ రావాలట. సున్నా చూపించింది. వెళ్లి బాక్సు విప్పాడు. మూత స్క్రూల్లో మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. పొడుగుదాని మొన నల్ల తీగ, అంటే న్యూట్రల్ తొడుగులోకి దిగి ఉంది.

"ఈ స్క్రూ ఎవరు బిగించారు సార్?"

మా ఆవిడ నా వైపు చూసింది. పక్కింటాయన గోడ మీంచి చూశాడు. పని అయిన సాయంత్రం లోపల చూద్దామని మూత విప్పింది నేనే. ఒక స్క్రూ ఇసుకలో పడిపోతే, దొరికినదేదో పెట్టి బలంగా తిప్పిందీ నేనే. అప్పుడు కాస్త గట్టిగానే తగిలింది, బాగా బిగిసిందనుకున్నాను.

తీగ కొత్తది మార్చి, మెగ్గర్ మళ్లీ పెడితే 200 మెగా ఓమ్ దాటింది. పెరటికి విడిగా ఆర్‌సీసీబీ, ఫేజు న్యూట్రల్ రెండూ తెంపే డబుల్ పోల్ ఎంసీబీ పెట్టించాను. ఇక బయట కరెంటు లీకైనా ఇల్లు ఆరిపోదు. మీరు మొదటి రోజే పెట్టించుకోండి. నెలకోసారి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కడం ఇప్పుడు మా అబ్బాయి పని.

మొదటాయనకి అసలు తప్పెక్కడుందో చెప్పలేదు. బైపాస్ చేద్దామన్నవాడికి నేనెందుకు చెప్పాలి?